‘కడప అంటే బాంబులేనా?’.. ఆఫీసులో జోకు ఎక్కడ హద్దు దాటుతుంది? చట్టం ఏం చెబుతోంది?

‘మీదే ఊరు?’ ‘చెన్నూరు.’ ‘అదెక్కడ?’ ‘కడప పక్కనే.’ ‘అమ్మో కడపా! బ్యాగులో బాంబులేమైనా ఉన్నాయా?’

హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో చేరిన కడప జిల్లా కుర్రాళ్లకు, అమ్మాయిలకు ఈ మాటలు కొత్తేం కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల.. ఊరి పేరు మారుతుంది కానీ జోకు మారదు. మొదటి రోజు వాళ్లూ నవ్వేస్తారు. కొన్నాళ్లకు మీటింగులో ఒక విషయం గట్టిగా అడిగితే ‘సీమ పౌరుషం బయటికొచ్చిందిరోయ్’ అంటారు. అందరూ నవ్వుతారు. అడిగిన విషయం మాత్రం పక్కకు పోతుంది. అసలు ఇబ్బంది ఇక్కడే.

ఈ జోకు ఎక్కడిది?

రాయలసీమలో ఫ్యాక్షన్ గొడవలు జరగలేదని ఎవరూ అనరు. అయితే బయటివాళ్లలో చాలామందికి సీమ తెలిసింది సినిమాతోనే. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, 2003లో ‘ఒక్కడు’.. వరుస హిట్లతో సుమోలు, వేటకొడవళ్లు, తొడగొట్టుడు సీమకు గుర్తులైపోయాయి. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక, గండికోట, ప్రొద్దుటూరు బంగారం మార్కెట్ కూడా ఈ ప్రాంతానివే అన్న సంగతి వెనక్కి పోయింది.

ఇంకో విషయం. ఆ గొడవల్లో తండ్రినో, మామనో పోగొట్టుకున్న ఇళ్లు నిజంగా ఉన్నాయి. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు ఆ ఇంటి నుంచి వచ్చారేమో జోకు వేసేవారికి తెలియదు.

మరి ఊళ్లో జోకులు లేవా?

ఎందుకు లేవు, బోలెడు! బావను మరదలు ఆటపట్టిస్తుంది. వియ్యంకులు ఒకరినొకరు దెప్పుకుంటారు. ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు వెళ్లే ఆనవాయితీ ఉంది. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు కాబట్టి, స్వామి తమ అల్లుడని చెప్పుకుంటారు. దేవుడితో చనువుకైనా ముందు వరస కావాలన్నమాట.

వరసైనవాళ్ల మధ్య జోకుకు ఒక రూల్ ఉంది. నువ్వొకటి అంటే నేను రెండు అంటా. ఆఫీసులో ఆ వీలు లేదు. మేనేజర్ వేసిన జోకుకు కొత్తగా చేరిన ట్రైనీ తిరిగి జోకు వేయలేడు. అప్రైజల్ ఆయన చేతిలో ఉంటుంది. అందుకే నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వును ఒప్పుకోలుగా తీసుకుంటే పొరపాటే.

రంజాన్ ఉపవాసంలో ఉన్నవారిని ‘నీళ్లు కూడా తాగవా, మాకైతే బిర్యానీ ఎప్పుడు?’ అని రోజూ అడగడం, టిఫిన్ బాక్స్ తెరవగానే ముక్కు మూసుకోవడం, ‘యాడికి పోతాండావ్’ అని యాస అనుకరించడం.. ఇవన్నీ ఈ కోవలోకే వస్తాయి.

స్టేజీ మీద అన్నా ఊరుకోలేదు

2021లో ఓ టీవీ స్కిట్‌లో బతుకమ్మను, తెలంగాణ యాసను కించపరిచారంటూ హైపర్ ఆదిపై పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. ఆయన క్షమాపణ చెప్పారు. 2025 జనవరిలో ‘మజాకా’ టీజర్ వేడుకలో హీరోయిన్ అన్షు శరీరంపై దర్శకుడు త్రినాథరావు నక్కిన చేసిన కామెంట్లను తెలంగాణ మహిళా కమిషన్ సుమోటోగా తీసుకుంది. నవ్వించాలనే అలా అన్నానంటూ ఆయన సారీ చెప్పారు. హీరోయిన్‌కు ఆ స్టేజీ పనిచేసే చోటే. ఈ రెండు చోట్లా చూసింది ఒక్కటే: ఏ ఉద్దేశంతో అన్నారన్నది కాదు, విన్నవాళ్లకు ఎలా తగిలిందన్నది.

చట్టం ఎక్కడ పట్టుకుంటుంది?

- మహిళలపై అశ్లీల జోకులు: 2013 పోష్ చట్టం ప్రకారం ఇష్టం లేని లైంగికపరమైన మాట కూడా వేధింపే. 10 మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి. లేకపోతే యజమానికి రూ.50 వేల వరకు జరిమానా. ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే మరో 3 నెలలు గడువు ఇవ్వొచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తవ్వాలి.

- చిన్న షాపుల్లో: ప్రొద్దుటూరు నగల కొట్టులో నలుగురే పనిచేస్తున్నా దారి ఉంది. జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్లొచ్చు. యజమానిపైనే ఫిర్యాదు అయినా అక్కడే చేయాలి.

- కులం పేరుతో: ఎస్సీ, ఎస్టీలను నలుగురి కంటపడే చోట కులం పేరుతో దూషిస్తే 1989 అట్రాసిటీ చట్టం కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల వరకు జైలు, జరిమానా. అయితే బయటివాళ్లు ఎవరూ లేని ఆఫీసు గదిలో అన్న మాటకు ఈ సెక్షన్ వర్తించదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఓ కేసులో చెప్పింది. కాబట్టి ఎక్కడ అన్నారు, ఎవరు విన్నారు అన్నది కీలకం.

- వైకల్యంపై: 2016 చట్టం ప్రకారం దివ్యాంగులను నలుగురిలో కావాలని అవమానిస్తే ఇక్కడా శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్లు. వైకల్యం గురించి అవగాహన పెంచే హాస్యం వేరు, వాళ్లను కించపరిచే హాస్యం వేరని సుప్రీంకోర్టు 2024 జులైలో స్పష్టం చేసింది.

ఊరి పేరు మీద జోకేస్తే?

ఇక్కడే ఖాళీ ఉంది. పుట్టిన చోటు, నివాసం, భాష పేరుతో వర్గాల మధ్య శత్రుత్వం పెంచితే భారతీయ న్యాయ సంహిత 196 సెక్షన్ ఉంది. కానీ ‘బాంబులున్నాయా’ అన్న ఆఫీసు జోకు సాధారణంగా అంతదూరం రాదు. అంటే కోర్టు కంటే ముందు కంపెనీయే చూసుకోవాలి. చాలా కంపెనీల ప్రవర్తనా నియమావళిలో ప్రాంతం, మతం, భాషపై వివక్ష కూడదని రాసి ఉంటుంది. ఆఫర్ లెటర్‌తో పాటు వచ్చిన ఆ పీడీఎఫ్‌ను ఒకసారి తెరిచి చూడండి.

మీకే జరిగితే ఏం చేయాలి?

- మొదట పక్కకు పిలిచి నేరుగా చెప్పండి: ‘అన్నా, ఆ మాట నాకు నచ్చట్లేదు, వద్దు.’ చాలావరకు ఇక్కడే ఆగిపోతుంది.
- ఆగకపోతే తేదీ, అన్న మాట, అక్కడున్నవాళ్ల పేర్లు రాసిపెట్టుకోండి.
- వాట్సాప్ గ్రూపులో వస్తే కోపంతో డిలీట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్ దాచుకోండి.
- హెచ్‌ఆర్‌కు నోటిమాటగా కాకుండా మెయిల్‌లో చెప్పండి.
- మహిళలు షీ-బాక్స్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా ఫిర్యాదు చేయొచ్చు. సాయానికి హెల్ప్‌లైన్ నంబర్ 181.

పక్కనున్నవాళ్ల పాత్ర కూడా తక్కువేం కాదు. బాధపడ్డ మనిషే ప్రతిసారీ ‘వద్దు’ అంటే ‘సెన్సిటివ్’ అని ముద్ర వేస్తారు. అదే మాట పక్క సీటు కొలీగ్ ‘ఇక చాల్లే బాస్’ అని అంటే, రెండోసారి ఆ జోకు వేయడానికి ఎవరైనా ఆలోచిస్తారు.