కొండెక్కు... కబురందించు!

కొండెక్కి మొక్కు చెల్లించుకునేవాళ్లు మనకు తెలుసు. రేడియో సెట్టూ బ్యాటరీ భుజాన వేసుకుని ఎక్కి, నాలుగు మాటలు మాట్లాడి పాయింట్లు మూటగట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లే హ్యామ్ (ఔత్సాహిక) రేడియో ఆపరేటర్లు. ఏడాది పొడవునా సాగే వాళ్ల పోటీలో కొండ ఎత్తు కంటే నిబంధనలే పెద్ద వింత. అలాంటి పోటీ మన దగ్గర పెడితే ఎలా ఉండాలో హైదరాబాద్ శివారులో, శంషాబాద్ విమానాశ్రయం పక్కనున్న తుక్కుగూడ నుంచి లెక్క వేద్దాం.

కొండమేక బిరుదు

ఈ ఆట పేరు ‘సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్’. పొట్టిగా సోటా అంటారు. 2002 మార్చి 2న బ్రిటన్‌లో మొదలైంది. శిఖరం ఎత్తును బట్టి 1 నుంచి 10 పాయింట్లు. పైకెళ్లి కనీసం నలుగురితో మాట్లాడితేనే అవి దక్కుతాయి. అలా వెయ్యి కూడబెట్టినవాళ్లకు ‘మౌంటెన్ గోట్’, అంటే కొండమేక బిరుదు ఇస్తారు. ఇంట్లో కూర్చుని, కొండ మీదివాళ్ల పిలుపులకు బదులిచ్చేవాళ్లకూ వేరే పాయింట్లున్నాయి. వాళ్లు వెయ్యికి చేరితే ‘ష్యాక్ స్లాత్’ అవుతారు. ష్యాక్ అంటే రేడియో గది, స్లాత్ అంటే చెట్టుకొమ్మ పట్టుకుని కదలకుండా వేలాడే బద్ధకపు జంతువు. బిరుదుతోపాటు చురక కూడా ఉచితమే!

రన్‌వే ఎత్తే, పాయింట్లు సున్నా

శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. సింహాద్రి అప్పన్న కొలువైన చోటు సుమారు 300 మీటర్లు. అంటే మన రన్‌వే అప్పన్న సన్నిధికి రెట్టింపు ఎత్తు! అయినా ఈ ఆటలో దానికి ఒక్క పాయింటూ రాదు. చుట్టూ ఉన్న నేల కూడా అంతే ఎత్తున ఉంది మరి. సోటాలో ఏ కొండ అర్హమైనదో సముద్రమట్టంతో తేలదు. చుట్టుపక్కల నేల నుంచి శిఖరం ఎంత పొడుచుకొచ్చిందో చూస్తారు. సాధారణంగా 150 మీటర్లుండాలి, కొన్నిచోట్ల 100 చాలు. దక్కన్ పీఠభూమి మీద ఉన్నవాళ్లకు చిక్కంతా ఈ ఒక్క నిబంధనతోనే.

చప్పట్ల కోట తప్పింది

గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ మీది బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. తీగ లేకుండా కబురందించడం హైదరాబాదుకు కుతుబ్ షాహీల కాలం నుంచీ తెలుసు. పాపం, ఆ కొండ ఎత్తు సుమారు 120 మీటర్లే. 150 మీటర్ల పరీక్షలో తప్పింది. భువనగిరి కోట ఉన్న ఏకశిల మాత్రం సుమారు 500 అడుగులు, అంటే 152 మీటర్లు. సరిగ్గా గీత మీద నిలబడింది! కొలిచినవాడు పిసరంత అటూ ఇటూ చేస్తే ఫలితం తారుమారే.

ఐదు నుంచి యాభై కిలోమీటర్లకు

చేతి సెట్లు వాడే వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు తిన్నగా సాగుతాయి. భూమి గుండ్రంగా ఉండటంతో ఒక హద్దు దాటాక కిందివాళ్లకు అందవు. ఆ హద్దుకు ఒక తేలికైన లెక్క ఉంది. ఎత్తు మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. నేల మీద నిలబడి చేతి సెట్‌తో మాట్లాడితే సుమారు 5 కిలోమీటర్లు. గోల్కొండ పైనుంచి 45. భువనగిరి గుట్ట పైనుంచి 50కి కాస్త పైన.

తుక్కుగూడ నుంచి భువనగిరి నేరుగా 55 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రెండు చివరల హద్దులూ కలిపి చూడాలి కాబట్టి, రోడ్డు మీద నిలబడితే మాట అందీ అందనట్టు ఉంటుంది. అదే డాబా మీద 10 మీటర్ల ఎత్తున యాంటెనా కడితే ఇవతలి హద్దే 13 కిలోమీటర్లకు పెరుగుతుంది. అప్పుడు కాగితం మీద 8 కిలోమీటర్లకు పైగా మిగులే. అడ్డొచ్చే భవనాలూ గుట్టలూ ఎంత మింగుతాయో పిలిచి చూస్తేనే తేలుతుంది.

ఒకే పొద్దున రెండేళ్ల పాయింట్లు

ఒక శిఖరానికి ఏడాదికి ఒక్కసారే పాయింట్లు. ఏడాది ఎప్పుడు మారుతుందన్నది గ్రీనిచ్ సమయం చెబుతుంది. అందుకే డిసెంబర్ 31 రాత్రి కొండ మీదే ఉండి, అర్ధరాత్రికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మాట్లాడి రెండేళ్ల పాయింట్లూ పట్టేసే గడుసువాళ్లు బ్రిటన్‌లో ఉన్నారు. మనకైతే ఆ మలుపు జనవరి 1 ఉదయం ఐదున్నరకు వస్తుంది. అంటే ఐదింటికి పిలిస్తే పాత ఏడాది, ఆరింటికి పిలిస్తే కొత్త ఏడాది. రాత్రంతా మేలుకోనక్కర్లేదు!

తుక్కుగూడ మీదుగా వెళ్లే శ్రీశైలం రోడ్డు పట్టి నల్లమలలో ఈ పని చేద్దామనుకుంటే మాత్రం కుదరదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా రాకపోకలు బంద్.

విమానాశ్రయానికి హ్యామ్ పేరు

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అది ఎవరి పేరు పెట్టుకుందో ఆ రాజీవ్ గాంధీ ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ అని చాలామందికి తెలుసు. ఆయన హ్యామ్ కూడా. కాల్ సైన్ వీయూ2ఆర్జీ. విమానం నడిపి, రేడియోలో మాట్లాడిన మనిషి పేరు విమానాశ్రయానికి కలిసొచ్చింది.

ఆటే అక్కరకొచ్చింది

జాతీయ హ్యామ్ రేడియో సంస్థ హైదరాబాదులో 1983లో పుట్టింది. అంతరిక్షం నుంచి మాట్లాడిన మొదటి హ్యామ్‌గా ఓవెన్ గారియట్ కొలంబియా షటిల్‌లో పేరు తెచ్చుకున్నదీ ఆ ఏడాదే. ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబర్‌లో అండమాన్ వెళ్లింది. ఏళ్ల తరబడి హ్యామ్ పిలుపు వినిపించని దీవులవి. వీయూ4ఆర్‌బీఐ అన్న పిలుపు కోసం ప్రపంచమంతా చెవులు రిక్కించింది. డిసెంబర్ 26న సునామీ వచ్చింది. సరదాకు తీసుకెళ్లిన సెట్లే ఆ రోజుల్లో సహాయ కబుర్లు మోశాయి.

కొండలన్నిటికీ పైన

హ్యామ్‌ల మాటల్ని పైనుంచి అందుకుని మళ్లీ కిందికి పంపే హ్యామ్‌శాట్‌ను ఇస్రో 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6లో పంపింది. బరువు 42.5 కిలోలు. 2014 దాకా, అంటే తొమ్మిదేళ్లకు పైగా పనిచేసింది. సముద్రం పక్కన, చదునైన దీవి మీది నుంచి ఎగిరిన ఈ ఉపగ్రహానికి ఏ శిఖరమూ సాటిరాదు.

మన పోటీకి మన నిబంధనలు

సోటా నియమాల్లో కొన్నిటిని మార్చకుండా తీసుకోవచ్చు. వాహనంలో కూర్చుని మాట్లాడితే చెల్లదు. డీజిల్, పెట్రోల్ జనరేటర్లు వాడకూడదు. శిఖరానికి 25 మీటర్ల కింది వరకు ఎక్కడ కూర్చున్నా ఫరవాలేదు. తక్కినవి మన నేలకు తగ్గట్టు రాసుకోవాలి.

ఒకటి, పాయింట్లు సముద్రమట్టం నుంచి కాకుండా కాళ్లతో ఎక్కిన ఎత్తును బట్టి ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లోని 1,690 మీటర్ల జిందగడ శిఖరం ఎక్కలేనివాళ్లకూ, తెలంగాణలోని 965 మీటర్ల డోలిగుట్ట దూరమైనవాళ్లకూ ఊరి గుట్టే బరి అవుతుంది. రెండు, గోల్కొండ లాంటి వాటి కోసం 100 మీటర్ల తరగతి ఒకటి ఉండాలి. మూడు, రెండు గుట్టల మీది వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడితే రెట్టింపు. నాలుగు, 5 వాట్ల చేతి సెట్‌వాళ్లకు వేరే జాబితా. ఐదు, కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లతో మాట్లాడితే అదనపు పాయింటు. ఆరు, అడవైతే అటవీ శాఖ, కోటైతే పురావస్తు శాఖ అనుమతి లేనిదే లెక్కలోకి తీసుకోకూడదు. ఉరుము వినిపిస్తే దిగిపోవాలి. విమానాశ్రయం చుట్టుపక్కల యాంటెనా తీగను గాలిపటంతోనో బెలూన్‌తోనో ఎగరేసినవాళ్లను పోటీ నుంచే తప్పించాలి.

మీరూ ఎక్కొచ్చు

పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా కేంద్ర టెలికాం శాఖ పరీక్ష రాసి హ్యామ్ లైసెన్సు తీసుకోవచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అక్కర్లేదు. జనరల్ గ్రేడ్‌కు మాత్రం నిమిషానికి 8 పదాల వేగం కావాలి. పరీక్ష పాసయ్యాక ముందు మీ ఊరి గుట్టెక్కి పిలవండి. ఇలాంటి పోటీలో ఎవరెస్టు మీది ఒంటరి సెట్ కంటే, నలుగురు బదులిచ్చే వంద మీటర్ల గుట్టకే విలువెక్కువ.