మొండితనము గాదు, పెంపకపు లోపమును గాదు

నిజాంసాగరు కాలువ నీటితో పండు బాన్సువాడ సీమలో, బిడ్డ యింట కనబడకున్నచో తల్లి మొదట పరుగెత్తునది గట్టువైపునకే. ఈ భయము తల్లులందఱికిని గలదు. కాని పిలిచిన పలుకక, వెనుదిరిగి చూడక, పాఱు నీటినే గంటలకొలది చూచుచు నిలువగోరు బిడ్డలు కొందఱు గలరు. వారి తల్లుల భయము వేఱు. ఆటిజము గల పిల్లలు చెప్పకయే యిల్లు వెడలిపోవుట తఱచనియు, వారిలో ననేకులకు నీరన్న మక్కువ యనియు, నీట మునుగు ప్రమాదము తక్కిన పిల్లలకంటె వారికి మిక్కిలి హెచ్చనియు వైద్యులు అన్యదేశములలో లెక్కలు గట్టి చెప్పియున్నారు. కాలువలును చెఱువులును గల మనకిది దూరదేశపు వార్త గాదు.

ఆటిజము జ్వరమువలె వచ్చిపోవునది గాదు. మెదడు పెరుగు తీరునందలి భేదము. ఏడాది నిండినను పేరుపెట్టి పిలిచిన తిరిగి చూడకుండుట, కావలసినదానిని వ్రేలితో చూపకుండుట, విన్నమాటనే మరల మరల వల్లించుట, బొమ్మబండితో ఆడుటకు మాఱు దాని చక్రమునే త్రిప్పుచుండుట, పెండ్లి బాజాకో మిక్సీ మ్రోతకో చెవులు మూసికొని విలపించుట, ఇట్టివి దాని గుఱుతులు. అన్నియు నొక్కరియందే యుండవు. అందుచేతనే, వెలుగులోని రంగులవలె పెక్కు తీరులు గలదని, దీనిని స్పెక్ట్రము అనిరి. ఒక కొనను మాటయే రాని బిడ్డ గలడు. మఱియొక కొనను బస్సుల వేళలన్నియు కంఠస్థము చేసి, మా యీ వ్యాసమువలె పుస్తకభాష మాటాడుచు, తోటివారి పరిహాసము మాత్రము తెలియక బడిలో నవ్వులపాలగు బాలుడు గలడు. ఈ రెండవవాని స్థితికే యొకప్పుడు ఆస్పర్జరు పేరు పెట్టిరి.

ఆ పేరు కథ వినదగినది. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరపు వైద్యుడు లియో కానరు 11 మంది పిల్లలను గూర్చియు, మరుసటియేడు వియన్నాలో హాన్స్ ఆస్పర్జరు నలుగురు బాలురను గూర్చియు వ్రాసిరి. వారికంటె ముందే, 1925లో, మాస్కో వైద్యురాలు గ్రూన్యా సుఖరేవా ఆరుగురు బాలురయందు ఇట్టి లక్షణములనే వర్ణించెను, లోకమామెను మఱచినది. 1981లో ఇంగ్లండు వైద్యురాలు లోర్నా వింగు ఆస్పర్జరు పేరును ప్రసిద్ధికి దెచ్చెను. 2013లో అమెరికా మానసికవైద్యుల సంఘము తన గ్రంథమునుండి యా పేరును తొలగించి, అంతయు ఆటిజమనియే చేర్చెను. నాజీల కాలమున ఆస్పర్జరు కొందఱు పిల్లలను, పిల్లలను చంపుచుండిన స్పీగెల్‌గ్రుండు సంస్థకు పంపినట్లు 2018లో హెర్విగ్ చెఖ్ అను చరిత్రకారుడు కాగితములతో బయటపెట్టెను. ఆ పేరు పోవుటయే మేలని మా యభిప్రాయము. ఐనను దానిని తమదిగా చెప్పికొను పెద్దవారు నేటికిని గలరు, వారిని తప్పుపట్ట బనిలేదు.

తల్లులకు జరిగిన యన్యాయము ఇంతకంటె పెద్దది. తల్లి యాదరము చాలకయే బిడ్డ యిట్లయ్యెనని పాశ్చాత్యపండితులు కొందఱు చాలకాలము బోధించిరి. 1977లో ఫోల్‌స్టెయిను, రట్టరు అనువారలు 21 కవలజంటలను పరిశీలించి, పుట్టుకతో వచ్చు కారణము బలీయమని చూపినపిమ్మట ఆ వాదము నిలువలేదు. ఆటిజమును టీకాతో ముడిపెట్టి 1998లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన వ్యాసమును ఆ పత్రికయే 2010లో ఉపసంహరించుకొన్నది. పడమట చచ్చిన యీ వాదములు మన యిండ్ల యరుగులమీద ఇంకను బ్రదికియున్నవి. "ఫోను చేతికిచ్చి కూర్చుండబెట్టితివి గనుకనే వానికి మాట రాలేదు" అని అత్త కోడలిని దూఱును. ఫోను తగ్గించుట మంచిదే. కాని సుఖరేవా చూచిన బాలుర చేతులలో ఏ ఫోను లుండినవి? "వీని తండ్రికిని ఆలస్యముగానే మాటలు వచ్చినవి, వేచియుండుడు" అని తాత యనును. శిక్షణకు మిక్కిలి యక్కఱకు వచ్చు రెండుమూడేండ్ల ప్రాయము అట్లు వేచియుండుటలోనే గడచిపోవుచున్నది.

ఇంట తెలుగు మాని ఇంగ్లీషే మాటాడుడని చెప్పువారును గలరు. రెండు భాషలు వినుటవలన ఆటిజము గల బిడ్డ మాట వెనుకబడదని పరిశోధనలు తెలుపుచున్నవి. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును వినబడు బాన్సువాడ బజారులో ఈ యుపదేశమును పాటించుటయైనను ఎట్లు? తనకు రాని భాషలో తల్లి బిడ్డను లాలింపగలదా?

ఆటిజమును మాన్పు మందు లేదు. మాన్పుదుమని డబ్బు గుంజువారు మాత్రము గలరు. ఉన్నది శిక్షణ. 1984లో సికింద్రాబాదున మనోవికాసనగరులో స్థాపింపబడిన జాతీయసంస్థ, ఆటిజమును కొలుచుటకు 40 అంశములు గల భారతీయ కొలమానమును సిద్ధపఱచినది. 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజము పేరు లేదు. 2016 చట్టము దానిని 21 వైకల్యములలో నొకటిగా చేర్చి, నూటికి 40 వంతులు వైకల్యము గలదని ధ్రువపత్రము పొందిన బిడ్డకు 6 మొదలు 18 ఏండ్లవఱకు ఉచితవిద్య హక్కు గావించినది. బస్సుల వేళలు వల్లించు మన బాలుడు ఆ 40కి చేరకపోవచ్చును. వానికి ధ్రువపత్రమును రాదు, తోటివారి దయయు లేదు. వానిని కాచుట ఉపాధ్యాయుని వివేకమునకే విడువబడినది.

బాన్సువాడనుండి సికింద్రాబాదు సుమారు 150 కిలోమీటర్లు. శిక్షణ ఒక్కనాటితో ముగియునది గాదు. నెలలు, ఏండ్లు పట్టును. భూవసతి గల మన పాఠకులు కారు కట్టించుకొని పోగలరు. వారి పొలమున నాట్లువేయు తల్లి దినకూలి మాని యెన్ని మారులు పోగలదు? మాట నేర్పు నిపుణులు వారమున కొక దినమైనను తప్పక ప్రతి ఏరియా ఆసుపత్రియందును ఉండవలెనని, ఓట్లకై గడపకు వచ్చువారిని ఈ పాఠకులే గట్టిగా అడుగవలెను. ఆ తల్లి యడిగిన వినువారు తక్కువ.

అంతవఱకు కాలువ కాలువగానే పాఱుచుండును. ఇట్టి బిడ్డ గల యింటివారు దాచక ఇరుగుపొరుగునకు చెప్పియుంచుట మంచిది. వీలైనచో బిడ్డకు ఈత నేర్పుటయు మేలు. పిలిచిన పలుకని బిడ్డ గట్టుమీద ఒంటరిగా కనబడినప్పుడు, త్రోవనుబోవు రైతు మందలించి సాగిపోరాదు. చేయి పట్టిన వాడు అఱచును. అఱచినను విడువక, నీటికిని వానికిని నడుమ నిలిచి, యింటికి కబురంపవలెను.