సీసీ కన్నా వాలు కోణం ముఖ్యం: ఏటీవీ ఎంపిక వెనుక భౌతికశాస్త్రం

అమెరికా, కెనడా పల్లెల్లో చాలా ఇళ్ల షెడ్లలో కారు పక్కనే నాలుగు లావుపాటి టైర్ల చిన్న బండి ఒకటి కనిపిస్తుంది. మోటార్‌సైకిల్ మీద కూర్చున్నట్టే కాళ్లు చెరోవైపు వేసుకుని కూర్చోవాలి, హ్యాండిల్‌తో తిప్పాలి. దాని పేరు ఆల్ టెరైన్ వెహికల్, క్లుప్తంగా ఏటీవీ. ఆస్ట్రేలియాలో క్వాడ్ బైక్ అంటారు. జింకల వేట కాలంలో వేటగాడిని అడవిలోకి తీసుకెళ్లేది, వేటాడిన జింకను ఇంటికి మోసుకొచ్చేది ఇదే. మిగతా రోజుల్లో పెరట్లో కట్టెలు మోస్తుంది, కలుపు మందు చల్లుతుంది, చలికాలంలో దారి మీది మంచును నెట్టేస్తుంది.

కొనేవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న 'ఎన్ని సీసీ?' అని. నిజానికి ప్రాణం నిలబెట్టేది వేరే లెక్క. అమెరికాలో ఏటా వందల మంది ఏటీవీ ప్రమాదాల్లో చనిపోతున్నారు. బండి బోల్తా పడడం అందులో ఒక ప్రధాన కారణం. కాబట్టి ఏ బండి ఎంత వాలులో, ఎంత బరువుతో పడిపోతుందన్నదే ఎంపికకు అసలు కొలమానం కావాలి.

మెత్తటి నేలలో ఎందుకు దిగబడదు?

ఏటీవీ టైర్లలో గాలి ఒత్తిడి 5 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. కారు టైర్లలో 30 పీఎస్ఐకి పైనే. టైరు నేల మీద మోపే పీడనం దాదాపుగా లోపలి గాలి పీడనమంతే ఉంటుంది. 300 కిలోల బండి, 75 కిలోల మనిషి కలిస్తే ఒక్కో టైరు సుమారు 260 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకుతుంది. అంటే నేలపై పడే పీడనం, నడిచే మనిషి ఒక్క పాదం మోపినప్పటి పీడనంతో ఇంచుమించు సమానం. బురదలోనూ గడ్డి మీదా తేలిగ్గా వెళ్లగలగడానికి ఇదే కారణం. అయితే ఇవే టైర్లు తారు రోడ్డు మీద మలుపుల్లో అనూహ్యంగా పట్టేస్తాయి. అందుకే ఏటీవీని రోడ్డు మీద నడపవద్దని తయారీదారులే హెచ్చరిస్తారు.

ఎప్పుడు బోల్తా పడుతుంది?

పక్కకు వాలిన నేల మీద బండి నిలబడి ఉందనుకుందాం. దాని గురుత్వ కేంద్రం నుంచి నిట్టనిలువుగా కిందికి గీసిన గీత దిగువ వైపు చక్రాలకు లోపల పడినంత వరకు బండి నిలుస్తుంది. ఆ గీత చక్రాలు దాటితే పడిపోతుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చేది స్థిరత్వ నిష్పత్తి. అది ఏ కోణానికి టాంజెంట్ విలువో, ఆ కోణం దాటితే బోల్తా తప్పదు.

ఒక నమూనా లెక్క చూద్దాం. చక్రాల మధ్య దూరం 94 సెం.మీ., 300 కిలోల బండి గురుత్వ కేంద్రం 50 సెం.మీ. ఎత్తులో ఉందనుకుంటే, ఖాళీ బండి 43 డిగ్రీల వాలు వరకు నిలుస్తుంది. 75 కిలోల మనిషి ఎక్కితే, అతని గురుత్వ కేంద్రం 110 సెం.మీ. ఎత్తులో ఉంటుంది కాబట్టి ఉమ్మడి కేంద్రం 62 సెం.మీ.కు లేస్తుంది. కోణం 37 డిగ్రీలకు తగ్గుతుంది. వెనుక రాక్ మీద 60 కిలోల జింకను కడితే అది 35 డిగ్రీలే.

35 డిగ్రీలంటే చాలా ఎక్కువే కదా అనిపించవచ్చు. కానీ బండి కదులుతూ మలుపు తిరిగితే లెక్క మారిపోతుంది. అదే బరువుతో చదునైన నేల మీద 6 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే గంటకు 23 కిలోమీటర్ల వేగంలో లోపలి చక్రాలు లేస్తాయి. 15 డిగ్రీల వాలులో, మలుపు బయటి వైపు దిగువకు ఉంటే 17 కిలోమీటర్ల వేగమే చాలు. సైకిల్ తొక్కే వేగమది! ఇవి గట్టి నేల మీద, సస్పెన్షన్ వంగదనుకుని వేసిన లెక్కలు. రాళ్లు, గుంతలు ఉన్నచోట హద్దు ఇంకా తక్కువ.

మూడు చక్రాల పాఠం

1970లో హోండా తెచ్చిన తొలి ఏటీవీకి మూడే చక్రాలు. మన ఆటోలాగే ముందు ఒకటి, వెనుక రెండు. అప్పుడు ఆధారం త్రిభుజాకారంలో ఉంటుంది. బ్రేకు వేస్తూ మలుపు తిరిగితే బరువు ముందుకు, పక్కకు జరిగి ఆ త్రిభుజం అంచును సులువుగా దాటేస్తుంది. ప్రమాదాలు పెరగడంతో 1988లో తయారీ సంస్థలు అమెరికా ప్రభుత్వంతో ఒప్పందానికి వచ్చి కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆపేశాయి. 2008 చట్టం వాటిని నిషేధించింది.

ఆస్ట్రేలియా మరో అడుగు వేసింది. 2021 అక్టోబరు 11 నుంచి అక్కడ అమ్మే కొత్త సాధారణ వినియోగ క్వాడ్ బైక్‌లు పక్క వాలులో కనీసం 28.81 డిగ్రీల వరకు రెండు చక్రాల మీదికి లేవకూడదు. సీటు వెనుక రక్షణ చట్రం కూడా ఉండాలి. బండి తిరగబడినా దానికీ నేలకూ మధ్య మనిషి నలిగిపోకుండా ఆ చట్రం కాస్త జాగా మిగుల్చుతుంది. ఛాతీ మీద 300 కిలోలు పడితే ఎముకలు విరగకపోయినా ఊపిరాడదు. ఒంటరిగా అడవిలో ఉన్నవారికి ఆ జాగాయే ప్రాణం.

రాక్ కన్నా ట్రాలీ మేలు

రాక్ మీద ఎంత బరువు పెట్టవచ్చో ప్రతి బండిపైనా రాసి ఉంటుంది. లాగగలిగే బరువు దానికన్నా చాలా రెట్లు ఎక్కువ. కారణం స్పష్టమే. ట్రాలీలోని బరువు కిందుగా, దాని సొంత చక్రాల మీద ఉంటుంది. కాబట్టి జింకనైనా, కట్టెలనైనా ట్రాలీలో వేసి లాగడం మేలు. మందు చల్లే ట్యాంకు విషయంలో మరో చిక్కుంది. సగం నిండిన ట్యాంకులో నీళ్లు వాలు వైపు ఒరిగి, బరువును సరిగ్గా పడిపోయే వైపుకే చేరుస్తాయి.

పెరట్లో చెట్టు మొద్దును పీకేటప్పుడు గొలుసును ఎక్కడ కడతామన్నది ఇంకా ముఖ్యం. 35 సెం.మీ. ఎత్తులోని హుక్కుకు బదులు 90 సెం.మీ. ఎత్తులోని రాక్‌కు కడితే, అదే లాగుడుకు బండిని వెనక్కి తిప్పే టార్క్ రెండున్నర రెట్లవుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేచి బండి నడిపేవారి మీదికే తిరగబడుతుంది. మన పొలాల్లో కూరుకుపోయిన వాటిని లాగబోయి ట్రాక్టర్లు వెనక్కి తిరగబడే ప్రమాదంలోనూ ఇదే సూత్రం.

ఇంజిన్, ఇరుసు

బరువు లాగడానికి కావలసింది వేగం కాదు, తక్కువ వేగంలో ఎక్కువ టార్క్. చాలా ఏటీవీల్లో మన గేర్‌లెస్ స్కూటర్లలో లాంటి బెల్టు ట్రాన్స్‌మిషన్ ఉంటుంది. దానికి తోడు 'లో' గేరు, దిగుడు వాలులో ఇంజిన్ బ్రేకింగ్ ఉంటే పెరటి పనికి 400-500 సీసీ సరిపోతుంది. పెద్ద ఇంజిన్ వేగాన్నీ బరువునూ పెంచుతుంది.

వెనుక ఇరుసుకు డిఫరెన్షియల్ లేకపోతే రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్లాలి కాబట్టి ఏదో ఒక చక్రం జారక తప్పదు. పచ్చిక చీరుకుపోతుంది, బండి తిరగనని మొరాయిస్తుంది. గడ్డి మీద పని ఉన్నవారు వెనుక డిఫరెన్షియల్‌ను విడిపించే ఏర్పాటున్న మోడల్ చూసుకోవాలి.

ఏటీవీనా, పక్కపక్క సీట్ల బండా?

స్టీరింగ్ చక్రం, సీటు బెల్టు, పైన ఇనుప చట్రం ఉన్న పక్కపక్క సీట్ల బండ్లను యూటీవీ అంటారు. బోల్తా పడినా బెల్టు పెట్టుకున్న మనిషి చట్రం లోపలే ఉంటాడు. బెల్టు పెట్టుకోకపోతే ఆ చట్రమే అతని మీద పడవచ్చు. ఇవి వెడల్పు, ఖరీదు ఎక్కువ. 50 అంగుళాల వెడల్పు హద్దున్న అమెరికా అటవీ బాటల్లోకి చాలావాటికి ప్రవేశం లేదు. ఇద్దరు వెళ్లాలన్నా, ఎక్కువ సామాను మోయాలన్నా యూటీవీయే సరైనది. ఒంటి సీటు ఏటీవీ మీద రెండో మనిషి ఎక్కితే గురుత్వ కేంద్రం పైకీ వెనక్కీ జరుగుతుంది. నడిపేవారు ఒరిగి సర్దుకునే జాగా కూడా పోతుంది. 16 ఏళ్లలోపు పిల్లలకు పెద్దల ఏటీవీ ఇవ్వకూడదన్న హెచ్చరికకూ బలమైన కారణముంది. వాలులో 75 కిలోల మనిషి ఎగువకు 20 సెం.మీ. ఒరిగితే ఉమ్మడి గురుత్వ కేంద్రం 4 సెం.మీ. జరిగి, సుమారు 2 డిగ్రీల భద్రత అదనంగా దొరుకుతుంది. 35 కిలోల పిల్లవాడి బరువు అందుకు చాలదు.

కొనే ముందు చక్రాల మధ్య దూరం, సీటు ఎత్తు, రాక్ పరిమితి, హుక్కు ఎత్తు, వెనుక డిఫరెన్షియల్ సంగతి కనుక్కోవాలి. రోజూ తిరిగే నేల వాలు ఎంతో మొబైల్‌లోని కోణమాపకంతో కొలుచుకోవాలి. అది 15 డిగ్రీలు దాటుతుంటే వెడల్పాటి, తక్కువ ఎత్తున్న బండినే ఎంచుకోవాలి. హెల్మెట్ ఖర్చును బండి ధరలో కలిపే లెక్క వేసుకోవాలి. సీసీ సంగతి ఆ తర్వాత చూడవచ్చు.