వర్తకుని చేతిలో వ్రాతప్రతి

పేరుపొందిన ప్రైవేటు సేకరణల వెనుక సాధారణంగా ఇద్దరుంటారు: కొన్నవారు, వెదకి తెచ్చినవారు. కొన్నవారి పేరు మ్యూజియానికి పెడతారు. తెచ్చిన వర్తకుని పని మాత్రం, మేలైనా కీడైనా, ఆ వస్తువు మీదనే మిగిలిపోతుంది.

బెల్జియం దేశస్థుడైన జార్జ్ దెమోత్ (1877–1923) పారిస్‌లో వ్యాపారం చేస్తూ ఫ్రాన్సు, అమెరికా సంపన్నుల సేకరణలకు కళాఖండాలు సమకూర్చాడు. 1330 ప్రాంతంలో, ఇల్ఖానీ పాలకుల కాలంలో తయారైన షాహ్‌నామా చిత్రప్రతి ఒకటి 1910 ప్రాంతంలో అతని చేతికి వచ్చింది. మొత్తంగా కొనేవారు దొరకకపోవడంతో దానిని విప్పి, బొమ్మలను విడివిడిగా అమ్మాడు. రెండు వైపులా చిత్రాలున్న ఆకులను మందం వెంట రెండు పొరలుగా చీల్చి, సంబంధం లేని పుటల మీద అతికించాడు. దాని బొమ్మలు ఈనాడు పారిస్, డబ్లిన్, వాషింగ్టన్, బోస్టన్ మ్యూజియాలలో చెదరి ఉన్నాయి. ఒకప్పుడు ఆ గ్రంథాన్ని అతని పేరుతోనే పిలిచేవారు. పండితులిప్పుడు ఆ పేరు విడిచి ‘మహా మంగోల్ షాహ్‌నామా’ అంటున్నారు.

ఇక మన హైదరాబాదు సంగతి చూద్దాం. 1912–14 మధ్య నిజాంకు ప్రధానిగా ఉన్న మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) వద్దకు కూడా వర్తకులు వచ్చేవారు. విదేశాల నుండి ధరల పట్టీలు అందేవి. అమ్మేవారు దివాన్ దేవిడీకి సరుకు మోసుకొచ్చేవారు. ఆయన కొన్నది అక్కడే నిలిచింది. అవివాహితులుగా మరణించిన తరువాత కూడా ఆ సేకరణ చెదరలేదు. 1951 డిసెంబరు 16న నెహ్రూ గారు మ్యూజియాన్ని ప్రారంభించారు. తరువాత వారసులు రాజీ ఒప్పందంతో సేకరణను ప్రభుత్వానికి అప్పగించగా, 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. యాఖూత్ అల్ ముస్తాసిమీ దస్తూరీగా చెప్పబడే అక్కడి ఖుర్ఆన్ ప్రతి మీద జహాంగీర్, షాజహాన్, ఔరంగజేబుల సంతకాలున్నాయి. ఆకులు విడదీసి అమ్మి ఉంటే ఆ చరిత్ర మనకు చేరేదా?

ఈ విషయం నవాబులకే పరిమితం కాదు. ఉద్యోగాల కోసం బొల్లారం, పటాన్‌చెరు వచ్చి ఇళ్లు మారుతూ ఉండే కుటుంబం పెట్టెలో కూడా తాతల నాటి వ్రాతప్రతి ఉండవచ్చు. 1976లో అమలులోకి వచ్చిన 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువ ఉండి 75 ఏళ్లు దాటిన వ్రాతప్రతి పురావస్తువే. చిత్రాలు, అలంకరణలు ఉన్న ప్రతిని రిజిస్టరు చేయించాలి. పురావస్తువుల వర్తకునికి లైసెన్సు ఉండాలి. వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం.

అమ్మక తప్పనప్పుడు కూడా ఒక్క నియమం పాటించాలి: బొమ్మ ఉన్న పుట ఒక్కటే అడిగేవానికి ఇవ్వరాదు. చివరి పుటలో లేఖకుని పేరు, తేదీ ఉంటాయి. అంచులలో యజమానుల ముద్రలుంటాయి. పుటలన్నీ కలిసి ఉన్నప్పుడే ఆ గ్రంథానికి సాక్ష్యం. అది మన చేతిలో ఉన్నంతకాలం ముందుతరాల అమానతు.