సెమీ స్లిక్ టైర్లు: తొలివేడి, విశ్రాంతి, నిల్వ

రేసు ట్రాక్ కోసం రూపొందిన సెమీ స్లిక్ టైరుకు గాడులు తక్కువ, రబ్బరు మెత్తన. నేలకు ఎక్కువ రబ్బరు ఆనడం వల్ల పొడి దారిలో పట్టు పెరుగుతుంది. తడిలో నీరు బయటికి పోయే మార్గం తగ్గి ఆ పట్టు సడలుతుంది. పెదబయలు వంటి మన్యప్రాంతపు ఘాట్ రోడ్లపై వానకాలంలో ఇది ప్రమాదకరం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఈ పోటీలో ఎండకూ వానకూ పనికివచ్చే గాడుల టైరునే వాడడం ఈ భేదాన్ని స్పష్టపరుస్తుంది.

కొత్త టైరును తొలిసారే తీవ్రవేగంతో నడపరాదు. వల్కనీకరణలో రబ్బరు అణుశృంఖలాల మధ్య గంధకపు బంధాలు ఏర్పడతాయి. తొలివేడికి వీటిలో బలహీనమైనవి తెగుతాయి. అందువల్ల 10-15 నిమిషాల పాటు వేగాన్ని క్రమంగా పెంచుతూ నడిపి, ఆపై కనీసం 24 గంటలు టైరుకు విశ్రాంతినివ్వాలి. ఆ వ్యవధిలో బంధాలు మరింత సమంగా తిరిగి కుదురుకుంటాయి. విశ్రాంతి లేకుండా మళ్ళీ వేడెక్కిస్తే ఈ ప్రయోజనం దక్కదు.

ఎండ, వేడి, ఓజోన్ రబ్బరును గట్టిపరచి పగుళ్ళు తెస్తాయి. కనుక టైర్లను కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గాలి చొరని సంచులలో చుట్టి, చల్లని చీకటి గదిలో ఉంచాలి. విద్యుత్ మోటార్లు ఓజోన్‌ను పుట్టిస్తాయి కాబట్టి వాటికి దూరంగా భద్రపరచడం అవసరం.