వేడినూనె తలపైన చల్లని తొట్టి

సంక్రాంతికి అరిసెలు వండు గృహిణి మూకుడు అంచువరకు నూనె పోయదు. కాగిన నూనె పెరుగునని ఆమె ఎరుగును. ఆమె కంటికొలతతో సరిపుచ్చు ఈ విషయమునే పటాన్‌చెరు, పాశమైలారము పారిశ్రామికవాడలలో ఇంజనీర్లు లెక్కగట్టి తేల్చవలసియున్నది.

ఈ ప్రాంతమున మందులు, రసాయనములు తయారుచేయు కర్మాగారములు పెక్కు గలవు. కొన్ని పనులకు 250 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. దానిని నీటియావిరితో అందింపవలెనన్న సుమారు 40 వాతావరణముల పీడనమునకు ఆగు దళసరి గొట్టములు అవసరము. తగిన ఖనిజతైలమైనచో ఆ వేడిలోను మరుగక ద్రవముగనే యుండును. కనుక నూనెను కాచి, పంపుతో గొట్టములగుండ త్రిప్పి, మరల కాచుదురు. వాడుకలో ఈ యంత్రమును థర్మిక్ ఫ్లూయిడ్ హీటరు అందురు.

మూసిన గొట్టములలో నూనె పెరిగినచో ఎచటికి పోవలెను? ద్రవములు నొక్కుటకు లొంగవు గదా! దారి లేకున్న అతుకులను చీల్చుకొని వచ్చును. ఆ దారియే వ్యాకోచపు తొట్టి.

తొట్టి ఎంత పెద్దదిగా నుండవలెను? ఇట్టి నూనె ఒక్కొక్క డిగ్రీకి తన ఘనపరిమాణములో పదివేలలో సుమారు 8 వంతులు పెరుగును. గొట్టములలో 2,000 లీటర్ల నూనె కలదనుకొందము. 30 డిగ్రీలనుండి 280 డిగ్రీలకు కాచిన, 2,000 × 0.0008 × 250 = 400 లీటర్లు పెరుగును. చల్లగానున్నపుడు తొట్టి పావువంతు, కాగినపుడు ముప్పావువంతు నిండియుండవలెనని వాడుక. అనగా ఈ 400 లీటర్లు తొట్టిలో సగము. తొట్టి 800 లీటర్లది కావలెను. స్థలము చాలదని దీనిని కుదించుట చౌకబేరము కాదు.

తొట్టిని అన్ని గొట్టములకంటె ఎత్తున నిలిపి, పంపు నూనెను పీల్చు వైపునకు కలుపుదురు. పైనున్న నూనె బరువుచే గొట్టములు ఎల్లప్పుడు నిండియుండును, పంపు గాలిని పీల్చదు. అయితే కొలిమికి సరిగ్గా నెత్తిన పెట్టరాదు. కారినచో నిప్పుమీదనే పడును. పొర్లుగొట్టమును క్రిందనున్న వేరొక తొట్టికి దింపవలెను. నూనె మట్టము పడిపోయిన వెంటనే మంటను ఆపు మీట కూడ ఉండితీరవలెను.

ఇక విచిత్రమైన సంగతి. వేడి పోకుండ గొట్టములన్నింటికి దుప్పటివలె తొడుగు చుట్టుదురు. తొట్టికి, దాని గొట్టమునకు మాత్రము చుట్టరు! తొట్టిలో నూనె గాలిని తాకుచుండును. వేడినూనెకు ఆమ్లజని తగిలిన అది చిక్కబడి మడ్డి కట్టును. ఆ మడ్డి కొలిమి గొట్టముల లోపల మసిగా పేరుకొన్నచో వేడి నూనెకు చేరక లోహమే మితిమీరి కాలి, తుదకు చిల్లుపడును. అందుకే తొట్టిని చల్లగా నుంచుదురు. కొందరు పైన నత్రజనిని నింపుదురు.

నత్రజని లేనిచో తొట్టి ఊపిరి తీయుచుండును. నూనె చల్లారి మట్టము దిగినపుడల్లా వానకాలపు తేమగాలి లోనికి వచ్చును. లోపల చేరిన 1 లీటరు నీరు ఆవిరియైన సుమారు 1,700 లీటర్లగును. నూనెను తొట్టినుండి ఎగజిమ్మగలదు. కావుననే క్రొత్త నూనె పోసినపుడు 100 డిగ్రీల ప్రాంతమున నెమ్మదిగా కాచి, ఆవిరిని తొట్టిద్వారా పోనిత్తురు.

2024 ఏప్రిల్ 3న సంగారెడ్డి జిల్లా హత్నూర మండలము చందాపూర్‌లోని ఒక కర్మాగారమున ప్రేలుడు సంభవించి పలువురు మరణించిరి. ఆనాటి వార్తలలో వేడినూనె బాయిలరు ప్రస్తావన వచ్చినది. తొట్టియే కారణమని మేమనుట లేదు. కాని 250 డిగ్రీల నూనె చెంత నిలిచి పనిచేయువారికి పై కొలతలు వట్టి అంకెలు కావు.

ఉపాధ్యాయులు ఈ వ్యాకోచమును తరగతిలోనే చూపవచ్చును. గాజుకుప్పెను వేరుసెనగ నూనెతో నింపి, సన్నని గాజుగొట్టము దూర్చిన బిరడా బిగించి, వేడినీటి గిన్నెలో నుంచుడు. గొట్టములో మట్టము మొదట కొంచెము దిగి, పిదప పైకెక్కును. మొదట దిగుటకు కారణమేమో విద్యార్థులనే అడుగుడు.