ములుగు సీమలో ఒక్క రాత్రి

సెలవులు సమీపించగానే చాదర్‌ఘాట్, ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతముల కుటుంబములలో ప్రయాణ ప్రసక్తి మొదలగును. ఒకరికి తిరుపతి మ్రొక్కుబడి, మరియొకరికి ఊటీ ముచ్చట. ఆ రెండిటికిని మేము అడ్డు చెప్పము. కాని చాదర్‌ఘాట్ నుండి అంబర్‌పేట, ఉప్పల్, భువనగిరి, జనగామల మీదుగా హనుమకొండ చేరి, అదే రహదారిపై ఇంకను ముందునకు సాగినచో ములుగు సీమ వచ్చును. మొత్తము దూరము సుమారు 200 కిలోమీటర్లు. ఇంత చేరువలోనున్న ఈ సీమను గూర్చి శ్రోతలకు కొంత విన్నవింపదలచితిమి.

ఈ సీమకు జనులు రాకపోలేదు. రెండేండ్లకొకమారు మాఘ పూర్ణిమ వేళ మేడారమున సమ్మక్క సారలమ్మల జాతరకు లక్షలాది భక్తులు వచ్చి, బెల్లమును ‘బంగారము’గా సమర్పించి పోవుదురు. ఆ నాలుగు దినములు అడవి నగరమగును. జాతర ముగియగానే బండ్లు మరలును, అడవి మరల అడవియగును. మిగిలిన కాలములో ఈ సీమ మనకు గుర్తురాదు.

ఇచ్చటి మొదటి దర్శనీయ స్థలము పాలంపేటలోని రామప్ప గుడి. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దీనిని కట్టించినట్లు 1213 నాటి శాసనము చెప్పుచున్నది. దేవుడు రామలింగేశ్వరుడు. గుడికి రామప్ప యను పేరు దానిని చెక్కిన శిల్పినిబట్టి వచ్చినదని వాడుక. గట్టి నేల చిక్కని చోట ఇంత బరువైన కట్టడము నిలుచుటకు ఆనాటివారు రెండు ఉపాయములు పన్నిరి. పునాది గుంతను ఇసుకతో నింపి, దానిపై కట్టడమును నిలిపిరి. అది నేల కదలికను కొంత తనలో ఇముడ్చుకొనును. శిఖరమునకు గుల్లగానుండి నీటిపై తేలునంతటి తేలిక ఇటుకలను వాడిరి. అందుచే స్తంభములపై భారము తగ్గినది. చూరు క్రింద వెలుపలకు వంగి నిలిచిన నల్లరాతి మదనికలను చూచినవారు ఆ నునుపును మరువరు. నటరాజ రామకృష్ణగారు జాయప సేనాని నృత్తరత్నావళిని, ఈ గుడి శిల్పములను పరిశీలించియే పేరిణి నాట్యమును పునరుద్ధరించిరి. యునెస్కో సంస్థ 2021 జూలైలో ఈ గుడిని ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేర్చినది.

అయితే గుడిని మాత్రము చూచి మరలినవారు సగమే చూచినవారగుదురు. కాకతీయుల కాలమున గుడి, ఊరు, చెరువు మూడును కలిసి వెలసినవి. గుడికి చేరువనున్న రామప్ప చెరువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. కొండల నడుమ నిలిచిన లక్నవరము చెరువు, గణపురము కోటగుళ్లు, ఏటూరునాగారము అభయారణ్యము, వానకాలమున గోదావరి కావల వాజేడు చెంతనున్న బొగత జలపాతము, ఇవన్నియు ఈ పరిసరములోనివే. ఒక్క పగటిలో ఇన్ని చూచుట సాధ్యము కాదు.

ఇచ్చటనే అసలు విషయమున్నది. నగరమునుండి తెల్లవారుజామున బయలుదేరి, ఇంటినుండి తెచ్చిన పులిహోర గుడిముందు తిని, రెండు గంటలు తిరిగి, చీకటిపడునాటికి ఇల్లు చేరు కుటుంబమువలన పాలంపేటకు కలుగు లాభమేమి? వారి సొమ్ములో అధిక భాగము పెట్రోలు బంకుకు పోయినది. ఊరికి మిగిలినవి ఎంగిలి విస్తళ్లు, ప్లాస్టిక్ సీసాలు. అదే కుటుంబము ఒక్క రాత్రి ఆగినచో రెండు పూటల భోజనము, బస అద్దె, ఆటో కిరాయి, శిల్పములను వివరించువాని పారితోషికము ఆ ప్రాంతముననే నిలుచును. ఆ పారితోషికము కొరకు ఊరి యువకుడు ఆ శాసనమును, శిల్పమును శ్రద్ధగా నేర్చుకొనును. గుడి తనకు అన్నము పెట్టుచున్నదని తెలిసిన ఊరు గుడిని కాపాడుకొనును. వేయి ప్రకటనలు చేయలేని రక్షణ ఇది.

2019 ఆగస్టు 15న ఎర్రకోటపైనుండి ప్రధానమంత్రి 2022 లోపల స్వదేశములో కనీసము 15 స్థలములను దర్శింపవలసినదిగా ప్రజలను కోరిరి. ఎన్ని చూచితిమన్న లెక్క కన్న ఎట్లు చూచితిమన్నది ముఖ్యమని మా అభిప్రాయము.

ఎట్లు చూడవలెను? వానలు వెనుకబట్టిన పిదప, చెరువులు నిండియున్న కాలము మేలు. మొదటి దినము మధ్యాహ్నమునకు పాలంపేట చేరి, గుడిని తీరికగా చూచి, సాయంకాలము చెరువుకట్టపై గడుపవచ్చును. లక్నవరమునను, తాడ్వాయిలోను వసతి గృహములు కట్టిరి. బయలుదేరుటకు ముందే గది సంగతి విచారించుకొనవలెను. మరునాడు లక్నవరమునో, కోటగుళ్లనో చూచి మరలవచ్చును. శిల్పములను చేతితో తాకరాదు. నీటిలో దిగవలదని వ్రాసిన చోట దిగరాదు. కోయగూడెములలో మనుష్యులను, ఇండ్లను అడుగక ఫొటో తీయరాదు. అవి వారి వాకిళ్లు, మన వినోదశాలలు కావు. తెచ్చిన చెత్తను తిరిగి సంచిలో వేసికొని రావలెను.

పిల్లలు పాఠశాలలో కాకతీయుల పేరు వల్లించుచున్నారు. ఆ పేరు వెనుకనున్న చెరువు నీటిని, ఆ నీటితో నేటికిని పండుచున్న వరిని వారికి ఒక్కమారైనను చూపింపవలెను. రాబోవు సెలవులలో ఒక్క రాత్రి ములుగు సీమకు కేటాయింపుడని శ్రోతలను కోరుచున్నాము.